జరీచేపలకు మన పెరటిలో తావు

క్రొత్తగా ఇల్లు కట్టుకొనువారు ముంగిటనో పెరటిలోనో ఒక చిన్న కొలను త్రవ్వించి, అందు రంగురంగుల చేపలను విడుచుట ఇటీవల మా మదనపల్లె ప్రాంతమునందును కనబడుచున్నది. బెంగుళూరు మాకు సమీపము. చెన్నపట్టణము మరీ దూరము కాదు. అచ్చటి ముచ్చటలు మా యూరికి త్వరలోనే చేరును. ఆ చేపలను కోయి అందురు. తెల్లని మేనిపై ఎఱ్ఱని మచ్చలు కొన్నింటికి, వానితోపాటు నల్లని మచ్చలు మరికొన్నింటికి, కేవలము బంగారు పూత ఇంకను కొన్నింటికి. చూచుటకు ముచ్చటగనే యుండును. అయినను అట్టి కొలనును చూచినపుడెల్ల నాకు కలుగు సందేహము ఒక్కటే. ఈ నీరు ఎచ్చటినుండి వచ్చుచున్నది? చేపలు వాడుకొనిన పిదప ఎచ్చటికి పోవుచున్నది?

ఈ ప్రశ్నలో రసికత లేదని నా స్నేహితురాండ్రు కొందరు నవ్విరి. జపాను తీరు తోట మేలా, మొగలాయి తీరు మేలా, మన కోనేటి తీరు మేలా అని కదా ముందుగా ఆలోచింపవలెనని వారి యభిప్రాయము. నా మటుకు నాకు ఆ ప్రశ్నకు సమాధానము ఈ నీటి ప్రశ్నలోనే దొరకినది. ఆ సంగతినే సోదరీమణులకు విన్నవించుచున్నాను.

ముందు ఆ చేప కులగోత్రములు కొంచెము చెప్పుకొనవలెను. జపాను దేశమున నీగాతా యను మండలము కలదు. అచ్చటి కొండపల్లెలలో చలికాలమున నిలువెత్తు మంచు కురియును. వరిమళ్ళకు నీరు నిలువచేసికొనుటకై రైతులు మళ్ళకు పైన చిన్న గుంటలు త్రవ్వుకొని, చలికాలపు ఆహారమునకై వానిలో చేపలను పెంచుకొనుచుండెడివారు. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున ఆ చేపలలో అక్కడక్కడ ఎఱ్ఱనివి, తెల్లనివి పుట్టెను. వానిని తినక వేరుచేసి, జతగూర్చి, తరతరములుగా ఏరి యేరి నేటి రంగులను తెచ్చిరి. 1914వ సంవత్సరమున తోకియో నగరమున జరిగిన గొప్ప ప్రదర్శనముతో వాని పేరు ఆ దేశమంతటను ప్రాకినది. ఆ రైతులు పెట్టిన పూర్తి పేరు నిషికిగోయి. నిషికి యనగా జరీబుటాల పట్టువస్త్రము. నీరుగట్టువారిపల్లె మగ్గముల చప్పుడు విని పెరిగిన మదనపల్లె ఆడువారికి ఈ పేరు పరాయిదిగా తోచదు. మా యింట మేము వానిని జరీచేపలనియే పిలుచుచున్నాము.

మన దేశమునకును ఈ జాతి బొత్తిగా క్రొత్తది కాదు. దీని పినతల్లి బిడ్డ యనదగిన చేపను 1939లో సింహళమునుండి నీలగిరులకు తెచ్చిరి. అందులోనే మరియొక తెగను 1957లో బాంకాకునుండి తెచ్చిరి. అంగళ్ళలో నేడు బంగారుతీగ యను పేర అమ్మునది అదియే. జరీచేప ఆ బంగారుతీగకు పట్టుచీర కట్టిన రూపము.

నాకు ఈ కథయందు మిక్కిలి నచ్చిన యంశము రంగు కాదు. ఆ గుంట మొదట అలంకారమునకై పుట్టినది కాదు. అది మడికి పైన నున్న నీటి నిలువ. చేపలు అందు అద్దెకుండెను. చేపల మలినముతో బలిసిన నీరు క్రింది మడికి పారి వరికి ఎరువయ్యెడిది. ఇప్పుడు బొమ్మలలో కనబడు జపాను కొలను ఈ సంగతిని దాచివేసినది. చక్కని రాళ్ళు, వంగిన వంతెన, ఒక దీపస్తంభము మాత్రమే మనకు అందినవి.

మేము నాలుగేండ్ల క్రిందట పెరటిలో కొలను త్రవ్వింపదలచినపుడు మా అత్తగారు ఒప్పుకొనలేదు. ఆమె కాపురమునకు వచ్చిన తొలి దినములలో, చెరువు ఎండిన యేండ్లలో, మైలు దూరమునుండి బిందెలతో నీరు మోసిన మనిషి. నేటికిని బియ్యము కడిగిన నీటిని పారబోయనీయరు. "మనుష్యులకు చాలని నీరు మత్స్యములకా, అమ్మాయీ? ఆవును కట్టుటకు గుంజ యున్నదో లేదో చూడక ఆవును కొందురా?" అనిరి. ఆమె మాటను నేను చాదస్తమనుకొనలేదు. ఈ సీమలో ఆ ప్రశ్న అడుగక కొలను త్రవ్వించుట తగదు. కావున కాగితము తీసికొని ఇరువురము లెక్క వేసితిమి.

పది అడుగుల పొడవు, ఎనిమిది అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల లోతు గల కొలనులో సుమారు 9,000 లీటర్లు పట్టును. ఒక్కసారి నింపిన పిదప ప్రతి వారమును అందులో పదియవ వంతు తీసివేసి క్రొత్త నీరు పోయవలెను. అనగా 900 లీటర్లు, మన లెక్కన 60 బిందెలు. మండువేసవిలో దినమునకు 7 మిల్లీమీటర్ల నీరు ఆవిరియగుననుకొన్నచో ఆ కొలను పైభాగమునుండి దినమునకు 50 లీటర్లకు కొంచెము పైగా, అనగా మూడున్నర బిందెలు పోవును. వారము వారము తీయు 60 బిందెలను చూచి అత్తగారు గుండె పట్టుకొనిరి. అప్పుడు నేను మా పెరటి చెట్లకు ఎన్ని బిందెలు పోయుచున్నామో లెక్కించితిని. రెండు కొబ్బరిచెట్లు, అరటిపిలకలు, నిమ్మ, కరివేప, మల్లెపందిరి, కనకాంబరముల మడి. వారమునకు 60 బిందెలు వానికే చాలుటలేదు.

అనగా చెట్లకు ఎట్లును పోయవలసిన నీటినే ముందు చేపలకు ఇచ్చి, తరువాత చెట్లకు ఇచ్చిన యెడల నిజమైన వ్యయము ఆ మూడున్నర బిందెల యావిరి మాత్రమే. మన తల్లులు వంటింటి తూము క్రింద అరటిచెట్టును నాటినది ఈ లెక్కతోనే కదా! అత్తగారు చాలసేపు ఆలోచించి ఒక షరతు పెట్టిరి. చెట్టుకు పోని చుక్క ఒక్కటియు ఆ గుంటనుండి బయటికి పోరాదు. తోట రూపమెల్ల ఆ షరతునుబట్టియే ఏర్పడినది. కొలను పెరటిలో ఎత్తైన మూలకు పోయెను, చెట్లు పల్లమునకు వచ్చెను, నడుమ ఒక కాలువ కుదిరెను.

ఇక తోటల తీరులు. మనకు సహజమైనది కోనేటి తీరు. చతురస్రముగనో దీర్ఘచతురస్రముగనో రాతికట్టు, చుట్టును గట్టు, ఒక ప్రక్క తులసికోట. మేము ఇదియే ఎంచుకొంటిమి. కాని కోనేటికి అందమిచ్చు మెట్లను లోపలికి దింపగూడదు. మెట్టుపై నిలిచిన కొంగకు చేప చేతికందిన పండు. మెట్టు దిగిన పసిబిడ్డకు అది ప్రాణాపాయము. కావున మెట్లను గట్టు వెలుపలనే ఉంచి, లోపలి గోడలను నిలువుగా దింపించితిమి. నీటిమట్టమునకు నాలుగంగుళముల క్రింద ఇనుప చట్రపు జాలిని అమర్చితిమి. పైనుండి చూచువారికి అది కనబడదు, బిడ్డ జారినను అడుగునకు పోదు. చేపకు మేత జాలి సందులలోనుండి పోవును. ఇంట పసివారున్నవారు ఈ వ్యయమునకు వెనుదీయగూడదు.

కోనేరనగానే తామరలు జ్ఞప్తికి వచ్చును. ఇచ్చట ఒక నిరాశ కలదు. బొమ్మలలో తామరలును జరీచేపలును కలిసియుండును గాని, నిజమునకు ఈ చేప అడుగుమన్ను త్రవ్వుటలో పందివంటిది. తామర దుంపలను పెల్లగించును, లేత చిగుళ్ళను కొరకును. తామరను వేరు తొట్టిలో పెట్టుటే మేలు. కలువను మాత్రము పెద్ద మట్టికుండలో నాటి, మన్నుపై పిడికిలంత గుండ్రాళ్ళు పరచి దించిన నిలుచును. వేరుగా నుంచిన తామరతొట్టిలో దోమలు పెరుగకుండ నాలుగు గప్పీచేపలను విడువవలెను. డెంగీ దోమ పుట్టునది అట్టి కదలని నీటిలోనే.

మదనపల్లెలో రెండవ తీరు ఒకటి చాలకాలమునుండి కలదు. అది బంగళా తోట. మా యూరు సముద్రమట్టమునకు 2,000 అడుగులకు మించిన ఎత్తున నుండుటచే గాలి చల్లన. అనీబిసెంటు గారి చొరవతో 1915లో ఇచ్చట కళాశాల వెలసినది; ఇరువదవ శతాబ్ది తొలి పాదముననే ఆరోగ్యవరమున క్షయరోగుల వైద్యాలయము వెలసినది. ఆ దినములలో ఆ రోగమునకు మంచి గాలియే ముఖ్యౌషధము. అట్టి చల్లదనమే జరీచేపకును హితమగుట చిత్రముగా నుండును. వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల నీటియందు లీటరునకు 9 మిల్లీగ్రాముల వరకు కరగియుండునది 30 డిగ్రీలయందు ఏడున్నరకు దిగును. చేపకు మాత్రము వేడిలోనే ఎక్కువ కావలెను. దిగువ సీమల యెండలో శ్రమపడు ఈ చేప మా మూడూళ్ళలో నీడ యొకింత ఉన్నచో తేలికగా వేసవి గడుపును.

బంగళా తోటకు గడ్డి పచ్చిక, నడుమ వలయాకారపు తొట్టి, అందు ఫౌంటెను ఉండుట మామూలు. ఈ తీరును కోరువారికి నేను చెప్పునది రెండు మాటలు. పచ్చికకు చల్లు ఎరువులు, పురుగుమందులు వానతో కొట్టుకొనివచ్చి తొట్టిలో పడిన చేపలు ఒక్క రాత్రిలో పోవును; కనుక తొట్టి గట్టు నేలకన్న ఒక అడుగైనను ఎత్తుండవలెను. రెండవది, వేయి చదరపుటడుగుల పచ్చిక వేసవిలో దినమునకు 400 లీటర్లకు తక్కువ కాకుండ త్రాగును. దానిని సగము తీసివేసి కొలను కట్టించుకొన్నవారికి నీరు మిగులునే గాని తగ్గదు. పచ్చిక మన సీమకు తగిన ముచ్చట కాదని నా మతము. కోపింపవలదు.

మొగలాయి తీరును చూడగోరువారు దూరము పోనక్కరలేదు. బెంగుళూరు లాల్‌బాగును హైదరాలీ 1760లో ఆ తీరుననే ఆరంభించెనని మనము చదువుకొనియున్నాము. తోటను నాలుగు భాగములు చేయు కాలువలు, అవి కూడుచోట ఒక తొట్టి. చార్‌బాగ్ అనునది ఇదియే. కాలువలు లోతు లేనివి గనుక వానిలో చేపలు నిలువవు. నడిమి తొట్టిని మాత్రము లోతుగా కట్టించి అందు విడువవచ్చును. ఈ తీరులో ఒక తెలివి కలదు. తొట్టినుండి పొంగిన నీరు నాలుగు దిక్కుల మళ్ళకు తానే పారును. అలంకారమును నీటిపారుదలయు ఒకటే. మా అత్తగారి షరతు హైదరాలీకి తెలియకపోయినను ఆ తోటమాలులకు తెలిసినట్లే యున్నది. ఇంటి వెనుక చతురస్రముగా నేల దొరకినవారు దీనిని తలపోయవచ్చును.

పుంగనూరున మా పెద్దమ్మగారి యిల్లు పాతకాలపు మండువా యిల్లు. నడుమ ఆకాశము కనబడును, వాననీరు పడుటకు అడుగున్నర లోతు గల రాతితొట్టి యుండును. మా కొలనును చూచిన నాటినుండి ఆమెకు ఆ తొట్టిలో జరీచేపలను విడువవలెనని కోరిక. నేను వలదంటిని. వ్రేలెడు పొడవున కొన్న ఈ చేప రెండడుగులు పెరుగును. చక్కగా చూచుకొన్న 25, 30 సంవత్సరములు బ్రదుకును. మత్స్యావతార కథ మనకందరకును తెలిసినదే. సత్యవ్రతుని దోసిట పడిన చేపపిల్లకు కమండలువు చాలక, బాన చాలక, చెరువును చాలకపోయెను కదా! అంగడిలో గాజుపెట్టెలోని పిల్లను చూచి ముచ్చటపడునపుడు ఆ కథను ఒకమారు స్మరింపవలెను. మండువా తొట్టికి బంగారుచేపలు చాలును. అవి చిన్నవి, ఆ లోతునకు ఓర్చుకొనును. పెద్దమ్మగారు మొదట చిన్నబుచ్చుకొనిరి గాని, ఇప్పుడు ఆరు బంగారుచేపలు ఆ తొట్టిలో తిరుగుచున్నవి. మనుమరాండ్రు వాని చుట్టునే కూర్చుందురు.

ఆ యింటి వెనుక ఒక పుంగనూరు ఆవు కలదు. మూడడుగులైనను ఎత్తు లేదు. తోక మాత్రము నేల రాయును. మా పెద్దమ్మగారు అప్పుడు, "సరే, పెరటిలోనైన త్రవ్వింతును, పశువులకొట్టము ప్రక్కనే చోటున్నది" అనిరి. ఆవు చిన్నదైనను పేడ చిన్నది కాదు గదా! పేడనీరు, మూత్రము ఇంకి చేరు చోట చేపలు బ్రదుకవు. కొట్టము కన్న పై వాటమున చోటు లేనందున ఆ ప్రయత్నము మానుకొనిరి. కొలను అన్ని యిండ్లకును తగదు. తగనిచోట మానుకొనుటయు తోటపనిలో భాగమే.

కుప్పమున మా ఆడుబిడ్డ కథ వేరు. ఊరి వెలుపల మామిడితోటలో వారి యిల్లు. ఆమె ఎచ్చటనో జపాను తోట చిత్రమును చూచి, వంతెనతో సహా అట్లే కావలెనని పట్టుబట్టెను. బెంగుళూరినుండి వచ్చిన పనివారు సిమెంటుతో బండలు పోసి, రంగువేసి, కొండగా చేయుదుమనిరి. నేను నవ్వు నాపుకొనలేకపోతిని. కుప్పము రాతిని దూరదేశములవారు కొని తీసికొనిపోవుచుండ, కుప్పమువారు సిమెంటు రాళ్ళు పోయించుకొందురా? ఆ తోట చుట్టును వానకు నునుపెక్కిన గుండ్లు గుట్టలు గుట్టలుగా పడియున్నవి. జపాను తోటలో రాతిని నేలపై పెట్టరు. మూడవ వంతు పూడ్చి, అనాదినుండి అచ్చటనే యున్నట్లు కనబడజేయుదురు. మా సీమలో దేవుడే ఆ పని చేసిపెట్టెను. చివరకు ఆమె తన నేలలోని రెండు పెద్ద గుండ్ల నడుమ పల్లమును లోతుచేయించి, వాని మీదుగానే నీరు జారునట్లు చేయించెను. మన నల్లరాయి నీటిలో కరగదు, దాని గుణమును మార్చదు. పదునైన అంచులు మాత్రము చేప పొలుసులను గీయును గనుక లోపల నునుపురాళ్ళనే వాడవలెను. వంతెన కట్టించలేదు. వెదురుపొద యొకటి, చెంత ఒక కూర్చుండు బండ. నేను చూచిన కొలనులలో అది అన్నింటికన్న అందమైనది.

ఆ కొలనునకు 2024 వేసవిలో పరీక్ష వచ్చెను. ఆ యేడు బెంగుళూరు నగరమే నీటికి అలమటించిన సంగతి పాఠకులకు జ్ఞప్తి యుండును. మా ఆడుబిడ్డ వారి బోరు చైత్రమాసములోనే గాలి కక్కెను. నలువది లేత మామిడిమొక్కలు ఒక వైపు, పదునాలుగు చేపలు ఒక వైపు. ఇంటి పెద్దలు చేపలను ఎవరికైన ఇచ్చివేసి కొలనును పూడ్చుమనిరి. ఆమె రెండు దినములు అన్నము సరిగా తినలేదు. మా పెరటి లెక్కను ఫోనులో చెప్పించుకొని వ్రాసికొనెను. పిదప మొక్కలకై వారమునకొకమారు ఎట్లును కొనుచున్న ట్యాంకరు నీటిని నేరుగా మొక్కలకు కట్టక, కొలనునుండి అంత నీరు తీసి మొక్కలకు పోసి, ట్యాంకరును కొలనులోనికి వంపించెను. కొన్న నీరు అంతే. కొన్నవారికి అధికముగా ఒక పైసా పడలేదు. కొలనుపై కొబ్బరిమట్టల పందిరి వేసి ఆవిరిని తగ్గించెను. వానలు పడునాటికి మొక్కలలో నాలుగు పోయెను, చేపలలో ఒకటి పోయెను. 2025 ఆగస్టులో హంద్రీ-నీవా కాలువ వెంట కృష్ణా జలములు కుప్పము సీమకు చేరినపుడు ఊరంతయు చూడబోయినది. ఆమెయు పోయి వచ్చెను. అయినను పందిరి తీయలేదు, లెక్క మానలేదు.

కట్టించుకొనదలచినవారికి ఉపయోగించునట్టి పనుల సంగతి కొంచెము వ్రాసెదను. క్రొత్త సిమెంటు తొట్టిలో సున్నపు కారము ఊరును. వెంటనే చేపలను విడిచిన చచ్చిపోవును. నీరు నింపి, అరటిబోదె ముక్కలు వేసి వారము దినములు నానబెట్టి, పారబోసి, మరల నింపుట మూడు నాలుగు మారులు చేయవలెను. ఆ నీరు మొక్కలకును మంచిది కాదు. కుళాయి నీటిలో క్లోరిను వాసన యున్నచో అంగడిలో దొరకు హైపో పలుకులను తగుపాటి కలిపి విరుగగొట్టవలెను. బోరునీటిలో క్లోరిను ఉండదు గాని, భూమిలోనుండి అప్పుడే వచ్చినందున ప్రాణవాయువును ఉండదు. దానిని ఎత్తునుండి ధారగా రాతిపై పడనిచ్చి కొలనులోనికి పోనీయవలెను.

అన్నింటికన్న ముఖ్యము వడపోత. చేప విసర్జించునది అమ్మోనియా. మా సీమ బోరునీరు కొంచెము క్షారగుణము కలది గనుక ఆ విషము ఇచ్చట మరింత తీక్ష్ణము. కొలను ప్రక్కన ఒక చిన్న తొట్టిలో గుండ్రాళ్ళు, ఇటుకముక్కలు, నైలాను కుంచెలు నింపి, పంపుతో నీటిని దానిగుండ త్రిప్పిన, కంటికి కనబడని క్రిములు ఆ రాళ్ళనంటి పెరిగి అమ్మోనియాను మార్చి మార్చి చివరకు చెట్లకు ఎరువగు నత్రితముగా చేయును. పెరుగునకు తోడు వేసి కాచుకొన్నట్లే దీనికిని ఓపిక కావలెను. నాలుగు నుండి ఆరు వారములు పట్టును. ఆ లోపల రెండు చేపలకు మించి విడువరాదు. ఆ రాళ్ళను కుళాయి నీటితో తళతళలాడ కడుగుట మన ఆడువారికి సహజముగా కలుగు బుద్ధి, దానిని అణచుకొనవలెను. కొలను నీటితోనే తేలికగా జాడించిన చాలును. 40 వాట్ల పంపు రాత్రింబవళ్ళు నడచినను దినమునకు ఒక యూనిటు విద్యుత్తు మాత్రమే. రాత్రివేళ విద్యుత్తు పోయిన గంటలే గండము. తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అన్ని వేళలకన్న తక్కువ. కల్లాపి చల్లుటకు లేచినపుడు చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుచుండుట చూచిన, చెంబుతో నీరు ఎత్తి ఎత్తి పోయవలెను. నేను రెండు మారులు అట్లు చేసితిని.

చేపలు మాకు ఎక్కువగా చెన్నపట్టణపు కొళత్తూరునుండి వచ్చును. రంగుచేపల పెంపకమునకు ఆ పేట పేరుపడినది. ప్రాణవాయువు నింపిన సంచిలో వచ్చిన చేపను వెంటనే పాతవానితో కలుపరాదు. మూడు నాలుగు వారములు వేరు తొట్టిలో ఉంచి చూడవలెను. ఈ జాతికి ఒక మహామారి కలదు. 1990 దశాబ్ది చివరను పైదేశములలో మొదట గుర్తించిరి. 16 మొదలు 28 డిగ్రీల నీటిలో అది విజృంభించును. మా చల్లని యూళ్ళ నీరు సంవత్సరమున చాలకాలము ఆ నడుమనే యుండును. రోగమునకై ఉప్పు గాని మందు గాని కలిపిన నీటిని మాత్రము చెట్లకు పోయరాదు. అత్తగారి షరతునకు ఇది యొక్కటే మినహాయింపు, ఆమెయే ఇచ్చిరి.

మేత విషయమున మా వారందరును గుడి కోనేటి అలవాటున బొరుగులు చల్లుదురు. అవి కడుపు నింపునే గాని బలమీయవు, మిగిలినవి నీటిని పాడుచేయును. ఐదు నిమిషములలో తినునంత మేత దినమునకు రెండు మారులు చాలును. జపానులో పూర్వము పట్టుపురుగు ప్యూపాలను మేతగా వేయుచుండిరి. మా ప్రాంతమున మల్బరి తోటలకును, పట్టుదారము తీయు చోట్లకును కొదువ లేదు. దారము తీసిన పిదప మిగులు ప్యూపాలను తక్కువ వెలకు ఇత్తురు. వానిలో కొవ్వు ఎక్కువ గనుక త్వరగా ముక్కును. క్రొత్తవిగా తెచ్చి, ఎండబెట్టి, వారమునకు ఒకటి రెండు మారులు కొంచెము వేసిన చేపలు బలియును. మా యింట అత్తగారు వానిని తాకరు. అది నా పని.

గడచిన మాఘమున మా చేపలు గ్రుడ్లు పెట్టెను. తల్లిదండ్రులే చాలవరకు మ్రింగివేయగా, కలువకుండ వెనుక దాగిన ముప్పది పిల్లలు మిగిలెను. అందులో జరీ కలవి ఐదు; తక్కినవి చామనచాయవి, అచ్చముగా బంగారుతీగలు. వానిని చెరువులో విడువుమని పొరుగువారు చెప్పిరి. నేను విడువలేదు, పరాయి చేప చెరువు అడుగును త్రవ్వి నీటిని బురదచేయును, రోగమేదైన ఉన్న అచ్చటి చేపలకును అంటించును. ఐదింటిని కుప్పము పంపితిమి. ఇరువదియైదును వడపోత ప్రక్కనున్న చిన్న తొట్టిలో నున్నవి. అత్తగారు ప్రతి దినమును ఉదయమున వానిని లెక్కించుచున్నారు. ఎవరికి ఇచ్చుటకును ఒప్పుకొనుటలేదు. రెండవ కొలనునకు చోటు ఎచ్చటనో, దాని నీరు ఏ చెట్టునకు పోవలెనో అని ఇరువురమును మరల కాగితము తీసితిమి.